మూరెడు పడుగు

నాగభూషణం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. చెప్పులేసుకుని ఎటో బయల్దేరతారు, అడిగినవాళ్లు వెనకాలే నడవాలి. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి, రిటైరయ్యాక రాసేవాళ్లకు మెళకువలు నేర్పుతున్న ఈ పెద్దాయనకు ఆ అలవాటెలా అబ్బిందో మంగళగిరిలో ఎవరికీ తెలియదు. మోకాళ్ల నొప్పులున్న శిష్యులైతే ఆయన్ని ప్రశ్నలడగడం ఎప్పుడో మానుకున్నారు.

ఆ ఆదివారం పొద్దున అడిగింది హైమవతి. బ్యాంకులో ఉద్యోగం. మూడేళ్లుగా ప్రతి శుక్రవారం తన బ్లాగులో ఏదో ఒక ముచ్చట రాస్తోంది. గాజులమ్మే సైదమ్మ, గిన్నెలకు కళాయి పూసే తాత, అద్దె ఇళ్లలో నీళ్ల తగువులు, అలాంటివి. చదివేవాళ్లు తక్కువే గానీ వదలకుండా చదువుతారు. రోజంతా ఎవరెవరి సంతకాలో సరిచూసే మనిషికి, తన సంతకమంటూ ఉన్న చోటు అదొక్కటే. అలాంటిది ఆరు వారాలుగా ఒక్క ముక్క పడలేదు. కూర్చుంటుంది, ఖాళీ తెర వంక చూస్తుంది, లేచి వెళ్లి కూరగాయలు తరుక్కుంటుంది. చివరికి విసుగెత్తి, పాఠకులకు ఇక సెలవంటూ నాలుగు వాక్యాలు రాసి పెట్టుకుంది. ఈ సాయంత్రం అవి పెట్టేసి బ్లాగు మూసేయాలని నిర్ణయం. మూసేశాక తనకంటూ ఏం మిగులుతుందోనని లోపల భయంగానే ఉంది.

"రాయడానికి ఏమీ లేకుండా పోయింది మాస్టారూ. విషయాలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలండీ?"

"పోయినసారి రాసినదాంట్లో చెప్పకుండా ఏం అట్టిపెట్టావమ్మా?"

"ఏమీ లేదండీ. నేను ఏది రాసినా ఆమూలాగ్రం రాస్తాను. పెట్టేశాక రాసుకున్న కాగితాలు కూడా చింపేస్తాను. బల్ల శుభ్రంగా ఉండాలి నాకు." ఆ మాటలో కాస్త గర్వం కూడా లేకపోలేదు.

మాస్టారు చెప్పులేసుకున్నారు.

రెండు వీధులవతల కోటమ్మ ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకదాని దగ్గర కోటమ్మ కూర్చుని ఉంది. నేసిన చీర కోసేసింది గానీ, నిలువు పోగుల పాత పడుగు మూరెడు మగ్గం మీదే వదిలేసింది. దువ్వెనలాంటి అచ్చులో దూరి ఉన్న ఆ పాత పోగుల కొసలకు కొత్త పోగులు కలిపి, బూడిద అద్దిన వేళ్లతో మెలేస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, ఆవిడ మాస్టారి మోకాళ్ల గురించి వాకబు చేస్తోంది.

రెండో మగ్గం దగ్గర ఆవిడ అల్లుడు భావనారాయణ, కూతురు చెరో పక్కా వంగి కూర్చున్నారు. ఒక్కో పోగూ వెతికి పట్టుకుని, అచ్చు సందులోంచి దూర్చి, అవతలికి అందిస్తున్నారు. మూడు రోజులైందట. ఇంకా సగం కాలేదు. అతను మాటిమాటికీ మెడ పట్టుకుంటున్నాడు.

"వాళ్లకెందుకండీ అంత అవస్థ?" అంది హైమవతి మెల్లగా.

"అల్లుడుగారు కదమ్మా, మనమేం అంటాం," అని కోటమ్మ నవ్వు దాచుకుంది.

"నేనే చెబుతాన్లే అత్తయ్యా," అన్నాడు భావనారాయణ. మొన్నటిదాకా సెల్‌ఫోన్ల షాపులో పనిచేసి, ఈమధ్యే మగ్గమెక్కాడు. "నా మొదటి చీర దిగిందండీ. ఆ సంబరంలో మగ్గం శుభ్రం చేద్దామని మిగిలిన పోగులన్నీ కోసి, అచ్చులోంచి లాగి పారేశాను. అద్దంలా చేసి పెట్టాను. అత్తయ్య వచ్చి చూసి, ఒక్క మాటా అనకుండా లోపలికెళ్లి మంచినీళ్లు తాగింది."

కోటమ్మ ఈసారి నవ్వేసింది. "ఈ మూరెడూ ఏ చీరకీ పనికిరాదమ్మా. అయినా ఉంచాల. ఇదుంటే కొత్త పడుగు దీని ఎనకాలే వచ్చేస్తది. ఇది లేదనుకో, ప్రతి పోగూ మళ్లీ మొదట్నుంచి దూర్చుకోవాల్సిందే."

హైమవతి చాలాసేపు ఆ రెండు మగ్గాల మధ్యే నిలబడిపోయింది. అప్పట్లో కళాయి తాత గురించి చదివి, ఆయన చెల్లెలు తర్వాత ఏమైందని పాఠకులెవరో అడిగారు. ఆ ముచ్చట అయిపోయిందండీ అని తను జవాబిచ్చింది. నిజానికి తాత ఆ చెల్లెలి గురించి గంటసేపు చెప్పాడు, ముచ్చటకు అది అక్కర్లేదనుకుని తనే ఆ కాగితాలు చింపేసింది. తలుచుకుంటే సిగ్గేసింది, దాని వెనకే ఎక్కడలేని ఉత్సాహమూ వచ్చింది. తాత ఇంకా బతికే ఉన్నాడు, మళ్లీ అడిగితే కాదంటాడా?

తిరిగొచ్చేటప్పుడు హైమవతే ముందు నడిచింది.

"ఇవాళ బ్లాగు మూసేద్దామనుకున్నాను మాస్టారూ, ఇక మూసెయ్యను. తాత చెల్లెలి సంగతి తర్వాత చూస్తాను, ఈ శుక్రవారానికి కోటమ్మగారి మగ్గం రాస్తాను. పడుగు నుంచి చీర దాకా, ఆ ఇంట్లో చూసిందీ విన్నదీ మొత్తం పెట్టేస్తాను."

మాస్టారు నాలుగడుగులు గబగబా వేసి ఆమెను అందుకున్నారు.

"రాయమ్మా," అన్నారు. "అంతా రాయకు."