బట్టీలో మసిదయ్యం

అనగనగనగా, రాజుగారి కోటగోడకి ఆనుకున్న ఒక ఊళ్ళో, ఒక రొట్టెల బట్టీ ఉండేదర్రా. బట్టీ అంటే ఇటుకలతో గుమ్మటంలా కట్టిన పెద్ద పొయ్యి. మంటా లోపలే, రొట్టే లోపలే. ఆ ఇంటావిడ గవరమ్మ. ఆవిడ కోడలు పైడమ్మ. కొడుకూ ఉన్నాడులే! అమ్మ ముందు అమ్మ మాట, పెళ్ళాం ముందు పెళ్ళాం మాట, ఇద్దరూ ఉంటే అసలు మాటే లేదు.

ఆ బట్టీ లోపల కడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. మసి మీద మసి, జిడ్డు మీద జిడ్డు, మాడు మీద మాడు, బెత్తెడు మందాన పేరుకుపోయింది. ఎందుకు కడగరంటే, ఆ మసిలో దయ్యం ఉందిట! గీకితే లేస్తుందిట, లేస్తే మనిషిని తింటుందిట. గవరమ్మ చెప్పింది, నలభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదీ నమ్మారు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఒకనాడు రాజుగారు ఈ బట్టీలో కాల్చిన రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నారు. చేదు! కటిక చేదు! వచ్చే పున్నమికీ ఇలాగే ఉంటే బట్టీ పడగొట్టిస్తానని కబురంపారు.

గవరమ్మ ఊరుకుంటుందా? "ఇదిగో, దీని చెయ్యే చేదు! ఇది పిండి ముట్టిన నాటినించీ ఇంతే" అని నలుగురిలో దులిపేసింది. పున్నమి రొట్టె చేదయితే కోడల్ని పుట్టింటికి తోలేస్తానంది. పైడమ్మకి పుట్టింట్లో ఎవరున్నారు? తల్లి లేదు. ఉన్న సవతితల్లి, పెళ్ళిచేసి పంపిన పిల్లని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వనని ఆనాడే చెప్పేసింది.

పాపం, పైడమ్మ తన చెయ్యి తనే నాకి చూసుకుంది. ఉప్పగా ఉంది, చేదు లేదు. పిండి రుచి చూసింది. దాన్లోనూ చేదు లేదు. బట్టీలోకి తొంగి చూసింది. కప్పునించి మసిపెచ్చు ఊడి రొట్టె మీద పడుతోంది. ఓహో, ఇదా సంగతి అనుకుంది. ఇంట్లోంచి తోలేస్తే ఎలాగూ చచ్చినదాన్నే, దయ్యం తింటే తిననీ అనుకుంది.

అమావాస్యకి బట్టీ వెలిగించరు. ఆ పూట గవరమ్మ సంతకి వెళ్ళింది. ఇటుక చల్లగా ఉంది. పైడమ్మ కొంగు బిగించింది.

తడిబూడిద మెత్తింది, కొబ్బరిపీచుతో తోమింది. పైజిడ్డు పోయింది, లోజిడ్డు పోలేదు. కుంకుడుకాయల పులుసు కాచి రాసింది. లోజిడ్డు పోయింది, మాడు పోలేదు. అంతా కడిగి తుడిచి, చింతపండు పులిమింది, కల్లుప్పు చల్లింది, నిమ్మడిప్పతో రుద్దింది. మాడు పోయింది, దయ్యం లేవలేదు. (బూడిదా చింతపండూ ఒక్కసారే కలిపెయ్యకండర్రా. ఒకదాని బలం ఒకటి తినేస్తుంది, అత్తాకోడళ్ళలాగ.)

ఇంకాస్త రుద్దింది. దయ్యం లేవలేదు గానీ, ఒక బీట కనబడింది. ఇంత పొడుగు బీట! ఎవరో మట్టిపెట్టి పూడ్చారు. ఆ మట్టి మీద వేళ్ళ గుర్తులు. చిన్నపిల్ల వేళ్ళు.

అంతలో గవరమ్మ వచ్చింది. "ఎవత్తె తియ్యమందే నిన్ను!" అని బుట్ట విసిరికొట్టింది. పైడమ్మ ఆ గుర్తులు చూపించింది. గవరమ్మ చూసి చతికిలబడింది.

"నావే" అంది.

కాపరానికొచ్చేటప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్ళుట. అత్త మెచ్చుకుంటుందని, కణకణలాడే బట్టీని కడగబోయి కుండెడు నీళ్ళు కొట్టిందిట. టప్పున పగిలిందిట. చల్లారాక ఎవరూ చూడకుండా మట్టితో పూడ్చి, తెలిస్తే పుట్టింటికి తోలేస్తారని దయ్యం కథ కట్టిందిట. నలభై ఏళ్ళు ఆ మసిని తియ్యనివ్వలేదు.

"మరి అదే భయం నాకెందుకు పెట్టావత్తా?" అంది పైడమ్మ.

"నాకింకేం తెలుసే?" అంది గవరమ్మ.

పున్నమి వచ్చింది. రొట్టె కమ్మగా ఉంది. చేదు పోగొట్టిన చెయ్యి ఎవరిదని రాజుగారి మనిషి పట్టుచీర పట్టుకొచ్చి అడిగాడు. పైడమ్మ అత్తవైపు చూసింది. గవరమ్మ నేల చూసింది. తరవాత "నాదే" అని చీర అందుకుంది.

అబద్ధమే, బుజ్జీ, నాకూ తెలుసు. నలభై ఏళ్ళ అలవాటు ఒక్క అమావాస్యకి పోతుందా? కోడల్ని మాత్రం తోలెయ్యలేదు. బట్టీ నిలిచింది, రాజుగారు తిన్నారు, అందరూ సుఖంగా ఉన్నారు. పైడమ్మో? ఇంట్లో ఉంది.

అంచేత, పొయ్యి బాగా చల్లారాకే కడగండి. తొందరపడి పగలగొట్టారే అనుకోండి, దాచకండి. వచ్చి నాకు చెప్పండి. నేనెవర్నీ ఎక్కడికీ పంపను.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.