ఓడ పట్టీలోని ఆసిరయ్య

విజయనగరంలో అప్పలాచార్యులుగారు పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత చదవడం నేర్పేవారు. ఒకరోజు ఆయన శిష్యురాలు విదుల ఒక పాత కాగితం నకలు తెచ్చి ముందు పెట్టింది. "మా ముత్తాతగారు దొరికారు, గురువుగారూ. పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిశాయి. ఇంకేం కావాలి?" అంది. ఆయన అవునని గాని కాదని గాని అనకుండా నీలవేణి సంగతి చెప్పారు.

నీలవేణి శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో నర్సు. ఆమె అమ్మమ్మ పైడమ్మకు మూడేళ్ళప్పుడు తండ్రి ఆసిరయ్య కూలికని వెళ్ళి మళ్ళీ రాలేదు. పోయాడనే అనుకుని పైడమ్మ ఏటా మహాలయ అమావాస్యకు ఆయన పేర విస్తరి వేసేది. అమ్మమ్మ ఉండగానే ఆయన సంగతి తేల్చాలని నీలవేణి మద్రాసు వెళ్ళి పాత రికార్డులు తిరగేసింది. కూలీలతో ఫిజీ వెళ్ళిన ఒక ఓడలోని ప్రయాణికుల పట్టీలో దొరికాడు: ఆసిరయ్య, తండ్రి గురయ్య, ఊరు అదే. అక్కడ పెళ్ళాడి నలుగురు పిల్లల్ని కన్నట్టు మరో కాగితం చెప్పింది. అది విని పైడమ్మ ఏడవలేదు. "మమ్మల్ని ఒగ్గేసినోడికి కూడెందుకు?" అని ఆ ఏటి నుంచి విస్తరి మానేసింది.

రెండేళ్ళ తర్వాత ఏదో మాటల్లో ఆవిడే, "మా అయ్యని కనగానే ఆల్లమ్మ పోనాది," అంది. నీలవేణి తన దగ్గరున్న నకలు మళ్ళీ తీసి చూసింది. ఓడ పట్టీలో దగ్గరి బంధువు అన్నచోట 'తల్లి నూకాలమ్మ' అని ఉంది. అది తను మొదటిసారే చదివింది కూడా. ఆ పల్లెల్లో గ్రామదేవత ఆసిరితల్లి పేరు పెట్టుకోని ఇల్లు లేదని, గురయ్యలూ తక్కువేం కాదని అప్పుడు తట్టింది.

ఇంట్లోవాళ్ళు ఇక వదిలెయ్యమన్నారు. "తప్పు చెప్పింది నేను. సరిదిద్దాల్సిందీ నేనే," అని ఆమె సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కింది. అలా మూడేళ్ళు తిరిగింది. చివరికి, ఓడ వచ్చేదాకా కూలీలను ఉంచిన డిపోలో చనిపోయినవారి పుస్తకంలో ఇంకో ఆసిరయ్య కనిపించాడు. తండ్రి గురయ్య, ఊరు అదే, భార్య రాములమ్మ. ఓడ ఎక్కకముందే కలరా తగిలి పోయాడు.

"ఈడే మా అయ్యని ఎలాగ సెప్తావు? మునుపూ ఇలాగే సెప్పినావు," అంది పైడమ్మ.

"మీ అమ్మ పేరుంది, అమ్మమ్మా. ఒంటిమీద గుర్తు కూడా రాశారు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ పుట్టుకతోనే అతుక్కున్నాయట."

పైడమ్మ తన ఎడమచేతిని ఒళ్ళోకి తెచ్చుకుని, అలాగే విడివడకుండా పుట్టిన చివరి రెండు వేళ్ళనూ నిమురుతూ కూర్చుంది. "అయిదేళ్ళు కూడెట్టనేదు మా అయ్యకి," అంది. ఏ తిథీ చూడకుండా ఆ మధ్యాహ్నమే విస్తరి వేయించింది.

విదుల తన నకలును మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, "నీలవేణిగారు ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడిగింది.

"ఫిజీ వెళ్ళిన ఆసిరయ్య ఇంటివాళ్ళను ఇక్కడ వెతుకుతోంది," అన్నారు అప్పలాచార్యులుగారు. "అతని కోసమూ ఒక తల్లి ఎదురుచూసింది కదా."