నక్క నడవని ఆరు వందల అడుగులు

ఈ కథలో ముందువెనకలు కాస్త తారుమారు కావచ్చు. జరిగింది మాత్రం నాకు బాగా తెలుసు.

ఒక అడవిలో జంతువులకు పెద్ద కళాశాల ఉండేది. ఒక వేసవిలో ఏనుగు మేడమ్ చివరి ఏడాది వాళ్ళకు పని అప్పజెప్పింది.

"ఎండిన వాగులో ఎక్కడ చెలమ తవ్వితే నీళ్ళు పడతాయో కనుక్కోండి. ఈ బండ నుంచి ఎన్ని అడుగులో ఆకు మీద రాసివ్వండి. కలిసి వెతకండి, ఒకరినొకరు అడగండి. రాసేది మాత్రం ఎవరికి వాళ్ళే. పక్కవాళ్ళది ఎక్కించుకున్నవాళ్ళు ఈ ఏడు తప్పినట్టే."

తాబేలు తాయారు, కుందేలు చిట్టెయ్య కలిసి తిరిగారు. ఇసుకలో చెమ్మ తగిలిన చోటు చూసుకుని, ఎవరి అడుగులు వాళ్ళు లెక్కపెట్టుకున్నారు.

నక్క జంబులయ్య మూడు రోజులూ నీడన పడుకుని, నాలుగో రోజు తాయారు దగ్గరకు వచ్చాడు.

"అక్కా, ఎలా రాయాలో తోచడం లేదు. నీ ఆకు ఒక్కసారి చూపిస్తావా?"

"చూసి ఇచ్చెయ్యాలి మరి."

"నేనేమన్నా మేకనా అక్కా, తినెయ్యడానికి?"

'తూర్పుగా ఆరు వందల అడుగులు' అని ఉంది ఆకు మీద. నక్క అదే రాసుకుని, తాయారు కన్నా ముందే వెళ్ళి మేడమ్‌కు ఇచ్చేశాడు.

మర్నాడు మేడమ్ రెండాకులూ పక్కపక్కన పెట్టింది. "ఎవరిది ఎవరు చూశారు?"

"ముందిచ్చింది నేనండీ," అన్నాడు నక్క. "అంత దూరం నడవలేక పాపం నాది రాసుకుంది."

తాయారుకు ఏడాది చదువు పోయేలా ఉంది.

చిట్టెయ్య లేచాడు. "మేమిద్దరం కలిసే వెతికాం మేడమ్. నాకు అరవై గెంతులు పట్టాయి."

"చోటు ఒకటే, లెక్కలు వేరు. అలాగే ఉండాలి," అంది మేడమ్. "జంబులయ్యా, తాయారూ, నడిచి చూపించండి."

నక్క హుషారుగా సాగాడు. రెండు వందల అడుగులకే వాగు దాటిపోయాడు. ఆరు వందలు పూర్తయ్యేసరికి ముళ్ళపొదలో ఉన్నాడు.

"తవ్వు నాయనా," అంది మేడమ్.

"నీళ్ళు లోపలికి దిగిపోయినట్టున్నాయండీ."

"నీళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. వాగే నీ వెనకాల ఉంది. తాబేలు కాళ్ళ లెక్క నీ కాళ్ళకు ఎలా సరిపోతుంది?"

తాయారు నడక ముగిసేలోపు సగం తరగతి కునుకు తీసింది. ఆరు వందలవ అడుగు దగ్గర ఆగి ఇసుక తోడితే, జానెడు లోతులో నీళ్ళు ఊరాయి. అందరూ తాగాక నక్క కూడా తలవంచుకుని వచ్చి తాగాడు. ఆ ఏడు తప్పింది అతనొక్కడే.

కలిసి నేర్చుకోవడం తప్పు కాదు, ఇంకొకరి కష్టాన్ని మనదని చెప్పుకోవడమే తప్పు.

నేను చెప్పిందంతా రాసుకున్నావు కదా వకుళా, తాబేలు పేరు తాయారేనా? అందరి పేర్లూ ఒకసారి చూసి దిద్దు తల్లీ.