బుల్లెయ్య కుబుసం

ముంతవారిపాలెంలో తమ అంత తెలివైన వాళ్ళు లేరని ఊరంతా అనుకుంటోందని నూకరాజు ఇంట్లో వాళ్ళు అనుకునేవారు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. నూకరాజు, అతని పెళ్ళాం మంగతాయారు, తల్లి వరాలమ్మ. ముగ్గురిలోకీ తాయారుది మరీ పదునైన బుర్ర. వాన పడుతుంటే గొడుగు తడిసి పాడవుతుందని ఇంట్లో భద్రంగా పెట్టి బయటికెళ్ళేది.

వాళ్ళ ధాన్యపు గాదెలో ఎలుకలు పడ్డాయి. అదే రోజు కొబ్బరాకుల మోపు కింద తాయారుకి జానెడు జెర్రిపోతు పిల్ల కనబడింది. విషం లేని పాము, ఎలుకల్ని తింటుంది, ఇంకేం కావాలి! తీసుకొచ్చి బుల్లెయ్య అని పేరు పెట్టింది. నాలుగు రోజుల్లో దాని మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, దానికి దిష్టి తీయకుండా తను అన్నం తినేది కాదు.

పశువుల డాక్టరు సూర్యంగారు దాన్ని చూసి చెప్పారు. "ఎదిగే ప్రాణి. పెట్టె ఎప్పుడూ పాముకంటే ఓ జానెడు పొడుగుండాలి. వారానికో ఎలుక పెట్టండి, చాలు."

నూకరాజు పెట్టె చేశాడు. వెడల్పు సంగతి డాక్టరుగారు చెప్పలేదు కాబట్టి నాలుగు వేళ్ళు ఉంచాడు. పాము ఎదిగినప్పుడల్లా చివర ఓ చెక్క అతికాడు. బుల్లెయ్య ఎదిగాడు, పెట్టె ఎదిగింది. గది చాలలేదు. ఇంకేముంది, గోడకి కన్నం పెట్టాడు. ఆ గోడ అవతల అబ్బులు వాళ్ళ వంటిల్లు.

"ఏవయ్యోయ్ నూకరాజూ! మా చారుగిన్నె పక్కకి మీ పాము తోకొచ్చిందయ్యా!" అని అబ్బులు అరిచాడు.

"తోకేగా అన్నా, తలైతే మావైపే ఉందిలే," అని నూకరాజు సర్దిచెప్పాడు.

ఎలుకల విషయంలోనూ వాళ్ళు మాట తప్పలేదు. గాదెలో ఆదివారం నాడే ఏడు ఎలుకలు దొరికాయి. వారానికి ఒకటే పెట్టమన్నారు కదా! మిగతా ఆరింటినీ బోనులో పెట్టి, చిక్కిపోకుండా మూడు పూటలా గాదెలోని ధాన్యమే పోసి మేపారు. అంతే, ఎలుకలు దొంగతనంగా తింటే అయ్యేదానికంటే ముందే గాదె ఖాళీ అయింది.

ఇలా ఉండగా బుల్లెయ్య ఎలుకని ముట్టడం మానేశాడు. ఒళ్ళు వెలిసిపోయింది, కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. తాయారు డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"కంగారు పడకమ్మా, కుబుసం విడుస్తుంది. పెట్టె తడిగా ఉంచండి. ఎవరూ చెయ్యి పెట్టకండి," అన్నారాయన.

చెయ్యి పెట్టొద్దన్నారు కాబట్టి ముగ్గురూ నేలమీద వెల్లకిలా పడుకుని నీళ్ళబిందెని కాళ్ళతో ఎత్తారు. అంతే, బిందె వచ్చి వరాలమ్మ మీద పడింది.

"పెట్టె తడవలేదు గానీ నేను తడిశానే కోడలా! నన్ను పట్టికెళ్ళి పెట్టెలో పెట్టండి," అంది వరాలమ్మ. నాలుగు వేళ్ళ పెట్టెలో ఆవిడ బొటనవేలు మాత్రం పట్టింది.

చెయ్యి పెట్టొద్దన్నారని రాత్రి పెట్టెకి మూత కూడా వెయ్యలేదు. మర్నాడు పొద్దున్న తాయారు అందులోకి తొంగిచూసి ఘొల్లుమంది. లోపల ఈ కొసనుంచి ఆ కొసదాకా పలచటి ఉల్లిపొర లాంటి చర్మం!

"ఏవండీ! మన బుల్లెయ్య ఎంత చిక్కిపోయాడో చూడండీ! ఎత్తితే బరువే లేడండీ!"

అప్పుడే వరాలమ్మ గాదె మీదికి వేలు చూపించింది. అక్కడ నిగనిగలాడుతూ ఓ పాము పడుకుని ఉంది.

"ఇదేరా అబ్బాయ్! మనోణ్ణి అరటిపండులా తినేసి తొక్క ఇక్కడ పారేసింది!"

ఇంకేముంది! నూకరాజు ఆ హంతకుణ్ణి బుట్టలో వేసుకెళ్ళి, కాలవ అవతల అబ్బులు చేలో వదిలి, నాలుగు చివాట్లు పెట్టి వచ్చాడు. ముగ్గురూ తొక్కని తలగడ మీద పడుకోబెట్టుకుని ఏడుస్తూ డాక్టరు దగ్గరికెళ్ళారు.

"ఓరి మీ తెలివి తెల్లారా!" అన్నారు సూర్యంగారు. "మీరు వదిలేసి వచ్చిందే బుల్లెయ్య. ఎదిగాడు, పాత చర్మం పట్టదు, విప్పేశాడు. పరిగెత్తండి, ఏ ముంగిసో చూసేలోపు!"

తాయారు తొక్క పట్టుకుని ఒక్క పరుగు తీసింది, వెనకే మిగతా ఇద్దరూ. నా బిడ్డని నేనే గెంటేశానే అని దారంతా లెంపలేసుకుంది. చేను చేరాక ఆగింది. పాములన్నీ ఒకేలా ఉంటాయి, గుర్తుపట్టేదెలా? ఆమె బుర్ర చురుగ్గా పనిచేసింది.

"పాత చర్మం పట్టదని డాక్టరుగారే చెప్పారు కదండీ. దేనికి పట్టకపోతే అదే మనోడు!"

గట్టుమీద నిగనిగలాడే జెర్రిపోతు ఒకటి వీళ్ళని చూసి ఎదురొచ్చింది. తాయారు కాళ్ళని చుట్టుకుంది. తాయారు తొక్కని దాని పక్కన పరిచి చూసింది. విడిచేటప్పుడు కుబుసం సాగుతుందని ఆమెకేం తెలుసు! తొక్కే ఓ బెత్తెడు పొడుగు మిగిలింది.

"వదులుగా పట్టేసింది. నువ్వు కాదు బాబూ, పక్కకి జరుగు," అంది బాధగా.

అంతలో చేను మధ్యలో నల్లగా, లావుగా, మెలికలు తిరిగి పడుకుని ఉన్నదొకటి కనబడింది. అది అబ్బులు మోటారు పైపు. తొక్క దాని మూతికి కూడా ఎక్కలేదు.

"బుల్లెయ్యా! ఎంత ఎదిగిపోయావురా నాయనా!" అని తాయారు దాన్ని కావలించుకుని ఆనందంతో ఏడ్చేసింది. ముగ్గురూ మోసుకుంటూ ఇంటికొచ్చారు. గట్టుమీది పాము కూడా వాళ్ళ వెనకే వచ్చింది.

రెండు వారాల తర్వాత ముగ్గురూ పైపుని భుజాన వేసుకుని డాక్టరు గుమ్మంలో దిగారు. తాయారు మెడలో జెర్రిపోతు దర్జాగా పడుకుని ఉంది.

"వీడు ఎలుక ముట్టట్లేదండి," అంది తాయారు పైపుని నిమురుతూ. "నోరు తెరిచే ఉంటాడు, లోపల పెడితే ఎలుక అటునించి వెళ్ళిపోతోందండి."

సూర్యంగారు పైపుని చూశారు, పాముని చూశారు. "మరి ఇదెవరమ్మా?"

"ఇదాండీ? ఎవరిదో పాపం, మాతో వచ్చేసింది. తరిమెయ్యడానికి మనసొప్పక ఉంచుకున్నాం. బుల్లెయ్యకి పెట్టిన ఎలుకలన్నీ ఇదే మింగేస్తోందండి!"

డాక్టరుగారు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. ఆయన మొహం చూడగానే తాయారుకి బుల్లెయ్య మీద బెంగ మరింత పెరిగింది.

"మళ్ళీ కుబుసం విడుస్తాడేమోనండి, తడిగా ఉంచుతాం," అంది ఆత్రంగా. "పైన తడిపితే చాలా డాక్టరుగారూ, లోపల్నుంచి కూడా నీళ్ళు పొయ్యమంటారా?"