సుంకులు కట్టిన రేకు రోబో

రిజర్వాయరు వస్తుందని మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఊరు కొండ్రపల్లె. మనుషులు వెళ్లారు గానీ నీళ్లు రాలేదు. తలుపులు ఊడబెరికిన ఇళ్లలో గాలి ఒక గుమ్మంలో దూరి ఇంకో గుమ్మంలోంచి పోయేది. వదిలేసిన ఇనుము, వైర్లు, మోటార్ల మధ్య జంతువులు కాపురాలు పెట్టుకున్నాయి. కొన్నాళ్లకు వాటితో యంత్రాలు కట్టడమూ నేర్చుకున్నాయి. అవసరం నేర్పని విద్య ఉండదు కదా.

ఎండాకాలంలో ఊరందరికీ వంక ఇసుకలో నీళ్లూరే చెలమ ఒక్కటే దిక్కు. దాన్ని ముసలి దుమ్ములగొండి ఒకడు పట్టుకున్నాడు. అందరూ అతణ్ణి గొండి దొర అనేవారు. ఏటా ఒకరు రోబో కట్టి తన రోబో మీదికి పోరుకు వదలాలని అతడు కట్టడి చేశాడు. గెలిస్తే చెలమ అందరిదీ. ఓడితే కట్టినవాళ్లు దొర వెంట నూనె మిల్లులోకి వెళ్లిపోవాలి, మిగిలినవాళ్లు రోజుకు ఒక్క పూట గొంతు తడుపుకోవచ్చు. నాలుగేళ్లలో, మొదట రోబో కట్టలేక పోరు లేకుండానే కుందేలు వెళ్లింది, తర్వాత ముంగిస వెళ్లింది, ముళ్లపంది వెళ్లింది, కిందటేడు మద్దిలేటి అనే పందికొక్కు వెళ్లాడు. ఎవరూ తిరిగి రాలేదు. ఎముకలు కూడా కనబడలేదు. దుమ్ములగొండి ఎముకలు మిగల్చడు కాబట్టి ఎవరూ వెతకలేదు.

దొర రోబో పేరు ఎముకల బండి. నూనె డబ్బాల రేకులు కలిపి చేసి బోర్లించిన పెద్ద డిప్ప, ముందు రెండు కొడవళ్లు, పైన తెల్లటి పుర్రెలు. అంచు చుట్టూ కట్టిన గోనెపట్టా నేలను రాసుకుంటూ ఉండేది. చక్రాలు కనబడేవి కావు. అది వస్తుంటే మోటారు చప్పుడు కూడా వినబడేది కాదు. ఎందుకంటే పోరు సాగినంతసేపూ ఓబులేసు అనే నక్క పక్కనే నిలబడి రేకు డబ్బా వాయించేవాడు. ఆ బండికి ఎన్నటికీ అయిపోని బ్యాటరీ ఉందని చెప్పినవాడూ అతడే.

ఈసారి వంతు మద్దిలేటి అక్క సుంకులుకు పడింది. అంతవరకు ఆమె ఒక బొమ్మ కారు కూడా కట్టి ఎరగదు. ఆమెకున్న ఆస్తి బొక్క నిండా దాచుకున్న వేరుశనక్కాయలు, అవీ వానలు పడేదాకా తిండి. ఆ కాయలే మూటకట్టుకుని ఓబులేసు పాత సామాను కొట్టుకు వెళ్లింది. నక్క ఆమెకు మిలమిలలాడే గుండ్రటి రంపం బిళ్ల చూపించాడు. ఇది గిర్రున తిరిగితే ఏనుగైనా రెండు ముక్కలేనన్నాడు. ఊరి గాడిద బీరన్న పక్కనే ఉన్నాడు. ముందు నడిచే సంగతి చూసుకోమని, కత్తి తర్వాతని మెల్లగా చెప్పాడు. సుంకులు కళ్ల ముందు తమ్ముడే మెదిలాడు. సగానికి పైగా కాయలు పోసి రంపమూ, దాన్ని తిప్పే పెద్ద మోటారూ తెచ్చుకుంది.

మిగిలిన దానితో చక్రాలు నాసిరకానివి వచ్చాయి, బ్యాటరీ చిన్నది వచ్చింది. పాడుబడ్డ బడి వరండాలో మొదటిసారి మీట నొక్కింది. రంపం తిరిగింది. దాని ఊపుకు రోబో మొత్తం రంపం చుట్టూ బొంగరంలా తిరిగి, స్తంభానికి కొట్టుకుని, వెల్లకిలా పడి, పొగ వదిలి చల్లబడింది. తిరిగి ఇచ్చేద్దామని వెళితే, అమ్మిన సరుకు వాపసు తీసుకోనన్నాడు ఓబులేసు.

సుంకులు ఆ వరండాలోనే కూర్చుండిపోయింది. బీరన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పిండి కొద్దీ రొట్టె, చెల్లీ" అన్నాడు. "నేను జన్మంతా బరువులు మోసినోణ్ణి. కాలు నిలవందే వీపు మీద ఏం పెట్టినా దండగే."

ఆ మాటతో ఆమె కొత్తగా మొదలుపెట్టింది. పాడుబడ్డ లారీలో అద్దాలు తుడిచే పుల్లల వెనకున్న రెండు చిన్న మోటార్లు ఊడదీసింది. బొమ్మ కారు రిమోటు ఏ ఇంట్లోనో దొరికింది. మోటారుసైకిలు బ్యాటరీని వీధి దీపం మీది సోలారు పలకతో నింపుకుంది. బడి పేరు రాసిన రేకు బోర్డును బీరన్న డెక్కతో తొక్కి ఏటవాలుగా వంచాడు. అంతా కలిపితే, ముందువైపు నేలకు ఆని చేటలా ఉండే పొట్టి రోబో తయారైంది. కత్తీ లేదు, కోరా లేదు. చెప్పిన వైపు మాత్రం తడబడకుండా నడిచేది. ఆమె వారం రోజులు పొద్దూమాపూ దాన్ని రాళ్ల మధ్య నడిపి చేయి తిరిగేలా చేసుకుంది.

పోరుకు రెండు రోజుల ముందు, ఎముకల బండి ఎత్తెంతో, కొడవళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసుకుందామని సుంకులు మిల్లుకు వెళ్లింది. మిట్టమధ్యాహ్నం. కాకి కూడా అరవడం లేదు. దొర చెలమ దగ్గర పడుకున్నాడు. బండి మిల్లు మూల నీడలో ఉంది. ఆమె దగ్గరికి వెళ్లి రేకు మీద చెయ్యి వేసింది. ఎండ తగలని రేకు వెచ్చగా ఉంది. చెవి ఆనించింది. లోపల ఏదో పైకీ కిందికీ పోతోంది, ఆగుతోంది, మళ్లీ పోతోంది. గోనెపట్టా ఒకచోట లోపలికి పీల్చుకుని బయటికి ఉబ్బింది. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే బండి ఆమె వైపు జానెడు జరిగింది.

సుంకులు వెనక్కి చూడకుండా పరుగెత్తింది. విన్నదీ చూసిందీ బీరన్నకు చెప్పింది. యంత్రమన్నాక వేడెక్కుతుంది లేమ్మని అతడు సర్దిచెప్పబోయాడు.

"వేడెక్కుతుంది, అన్నా. ఊపిరి తీయదు" అంది సుంకులు.

ఇక బండిని పగలగొట్టనని, బోర్లా ఉన్నదాన్ని వెల్లకిలా తిప్పి లోపల ఏముందో చూస్తానని చెప్పింది.

పోరు రోజు మిల్లు ముందు సిమెంటు కళ్లం చుట్టూ జంతువులన్నీ చేరాయి. సుంకులు రేకు రోబోను చూసి దొర పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఖాళీ ఇళ్లన్నిటిలో తిరిగి తిరిగి వచ్చింది. ఓబులేసు డబ్బా మొదలుపెట్టాడు. ఎముకల బండి గోనెపట్టా ఈడ్చుకుంటూ వచ్చింది. మొదటి దెబ్బకు కొడవలి రేకులో దిగి ఒక వైరు తెగింది. ఎడమ చక్రం ఆగిపోయింది. సుంకులు మీట వదల్లేదు. రెండో చక్రం మీదనే రోబోను అరచుట్టు తిప్పి, చేట అంచును గోనె కిందికి దూర్చి, ఉన్న బలమంతా పెట్టి తోసింది. బండి ఒక పక్క లేచింది. ఒక్క క్షణం అలాగే నిలిచి, వెల్లకిలా పడింది.

ఓబులేసు చేతిలో డబ్బా ఆగింది.

డిప్పలో మోటారు లేదు. బ్యాటరీ లేదు. చక్రాలు లేవు. పదహారు కాళ్లున్నాయి. కుందేలు, ముంగిస, ముళ్లపంది, మద్దిలేటి తోలు పట్టీలతో రేకుకు బిగించి ఉన్నారు. పైకి తేలిన ఆ కాళ్లు ఆగలేదు. నేల లేని చోట, ఒకే లయలో, గాలిలో నడుస్తూనే ఉన్నాయి.

సుంకులు దగ్గరికి వెళ్లి పట్టీలు కొరికింది. మద్దిలేటి ఆమెను గుర్తుపట్టలేదు.

"ఆపితే దొర మా అక్కను తింటాడు" అని గొణిగాడు. "నడిచినంతకాలం ముట్టుకోనన్నాడు."

"నేనే రా మీ అక్కని. నిలబడు."

కాళ్లు ఇంకాసేపు నడిచాయి. అప్పుడు ఆగాయి.

జంతువులన్నీ దొర వైపు తిరిగాయి. నాలుగేళ్లుగా అవి బండినే చూశాయి, అతణ్ణి సరిగ్గా చూడలేదు. అరిగిన పళ్లు, ఊడిన వెంట్రుకలు, వణుకుతున్న వెనక కాళ్లు. నడవండని అతడు గట్టిగా అరిచాడు. నడిచేవాళ్లు లేరు. బీరన్న వెనక్కి తిరిగి, వెనక కాళ్లు సర్దుకుని నిలబడ్డాడు. అది చాలింది. దొర కొండ దారి పట్టాడు. తనకేమీ తెలియదని ఓబులేసు నలుగురికీ చెప్పబోయాడు గానీ వినేవాళ్లు లేకపోవడంతో అతడూ దొర వెనకే వెళ్లాడు. కొన్నాళ్లకు ఆ కొండ వాలున గోనెపట్టా కట్టుకున్న చిన్న రేకు డిప్ప ఒకటి నేలను రాసుకుంటూ పోవడం చూశామని మేకలు చెప్పుకున్నాయి. దాని కింద కాళ్లు నాలుగేనట.

ఆ సాయంత్రం అందరూ కడుపునిండా నీళ్లు తాగారు. మద్దిలేటి నాలుగు గుక్కలు తాగి ఇసుకలో నిద్రపోయాడు. నిద్రలో అతడి కాళ్లు మళ్లీ నడక మొదలుపెట్టాయి. సుంకులు వాటిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఆగేదాకా పట్టుకుని కూర్చుంది.

తిరుగులేదన్న బండిని చూసి వణికే ముందు, దాని కింద ఎవరి కాళ్లున్నాయో చూడాలి.