పేరడిగిన కోడలు

ఇలా రండర్రా, చెరో పక్కన పడుకోండి. కెజియా, ఆ దుప్పటి తమ్ముడి మీదకి కూడా లాగవే. జోయేలూ, కాళ్ళు కడుక్కున్నావా? అబద్ధమాడకు, మంచం నిండా ఇసకే. సరే పోనీ. ప్రార్థన అయిపోయింది కదా, ఇక కథ. ఊ కొట్టాలి మరి. మీరు ఊ కొట్టకపోతే నాకు నిద్రొచ్చేస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది.

అనగనగా కాలవకి ఇవతల ఒక ఊరు, అవతల ఒక తాటితోపు. ఊరినిండా మనుషులు, తోపునిండా తాటిచెట్లు. తోపు మధ్యలో ఒక పాత పాక. ఎప్పుడో కల్లుగీసేవాళ్ళు వేసుకున్నదిలే. వాళ్ళు ఇంకో తోపుకి వెళ్ళిపోయారు, పాక మిగిలిపోయింది. ఆ పాకలో దెయ్యం ఉంది.

నా చెయ్యి పట్టుకో నాన్నా, ఏం కాదు. విను.

ఆ దెయ్యాన్ని మొదట చూసింది గడ్డికోతకెళ్ళిన ఒకాయన. జుట్టు జానెడు ఉందని పెళ్ళాంతో చెప్పాడట. ఆవిడ నూతి దగ్గర మూరెడంది. నూతి దగ్గర విన్నావిడ చేలో బారెడంది. చేలో మాట సంతకెళ్ళేసరికి ఆ జుట్టు నేలంతా ఈడ్చుకుపోతోంది. సంతలో మాట మళ్ళీ ఊళ్ళోకొచ్చేసరికి ఆ జుట్టుతో ఒక దూడని చుట్టి లాక్కుపోయింది! ఎవరి దూడ అంటే ఎవరికీ తెలీదు. ఏ పాకలోనూ దూడ తగ్గలేదు. అయినా అందరూ నమ్మారు. నోరు మారినకొద్దీ జుట్టు పెరిగింది, జుట్టు పెరిగినకొద్దీ భయం పెరిగింది. ఊ కొడుతున్నారా?

దీపాలు పెట్టేవేళ ఆ తోపులోంచి ఒక పిలుపు వినపడేది. "రా... రావే... రా..." అని. అది వినపడితే చాలు, ఇళ్ళ తలుపులు టపటపా మూసుకునేవి. పలికితే ప్రాణం పోతుందని తల్లులు పిల్లల నోళ్ళు మూసేవాళ్ళు.

ఆ ఊళ్ళో సువార్తమ్మ అని ఒకావిడ. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు, పేరు కృపానందం. పడవలో కొబ్బరికాయలు వేసుకుని కాలవమ్మట ఊరూరా తిరిగేవాడు. సువార్తమ్మ గొంతు ఎంత పెద్దదంటే, గుళ్ళో ఆవిడ పాట ఎత్తుకుంటే డప్పు వాయించేవాడు వాయించడం మానేసి వినేవాడు. మనిషి మంచిదే. కానీ భయం జాస్తి. పిల్లికి భయం, పిడుక్కి భయం, అన్నిటికన్నా ఆ దెయ్యానికి భయం.

ఆవిడ కొడుక్కి మెట్టూరినుంచి పిల్లని తెచ్చుకుంది. పేరు తబిత. కొత్తకోడలు, సన్నగా, నెమ్మదిగా ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు గానీ, విన్నది మర్చిపోయేది కాదు.

వచ్చిన మొదటి సాయంత్రమే ఆ పిలుపు వింది. అత్తగారు తలుపేసి గడియ పెట్టింది. తబిత మాత్రం ఆ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఏంటే, అలా నిలబడ్డావు, లోపలికి రా అని అత్తగారు కసిరింది. అప్పుడు తబిత ఏమందో తెలుసా?

"అత్తమ్మా, ఇది దెయ్యం పిలుపులా లేదండీ. మా అమ్మ మమ్మల్ని అన్నానికి ఇలాగే పిలిచేది."

సువార్తమ్మకి ఒళ్ళు జలదరించింది. నోర్ముయ్యి, సందెవేళ అలాంటి మాటలు మాట్లాడకూడదు అంది. తబిత నోరు మూసుకుంది. మనసు మూసుకోలేదు.

ఒక ఆదివారం గుళ్ళో పాస్టరయ్యగారు దెయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగే మనిషి సంగతి చెప్పారు. మీకూ సండే స్కూల్లో చెప్పుంటారు. పాపం, బట్టలుండవు, ఇల్లుండదు, రాళ్ళతో ఒళ్ళు కోసుకుంటూ అరుస్తూ తిరుగుతాడు. ఊరివాళ్ళు గొలుసులేసి కట్టారు గానీ, దగ్గర కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. యేసయ్య పడవెక్కి సముద్రం దాటి, గాలివానలో తడిసి, ఆ ఒడ్డుకే వెళ్ళాడు. వెళ్ళి నీ పేరేంటని అడిగాడు. తర్వాత చూస్తే ఆ మనిషి శుభ్రంగా బట్ట కట్టుకుని, బుద్ధి కుదిరి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

అందరూ ఆమెన్ అన్నారు. సువార్తమ్మ అందరికన్నా గట్టిగా అంది. అందరూ ఇళ్ళకెళ్ళి చేపలపులుసు తిని పడుకున్నారు. తబితకి మాత్రం ముద్ద దిగలేదు. మనూరికీ తోపుకీ మధ్య సముద్రం కూడా లేదే, మోకాల్లోతు కాలవే కదా అనుకుంది. ఎవరైనా పేరడిగారా అనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుండగా, ఆకులో ఇంత అన్నం, ఇంత గోంగూర పెట్టుకుని కాలవ దాటింది. పాక దగ్గరికి వెళ్ళగానే లోపలినుంచి ఒక రాయొచ్చి కాళ్ళ దగ్గర పడింది. నేనైతే పరుగే పరుగు! తబితకీ పరిగెత్తాలనిపించింది. కానీ అప్పుడు అత్తగారింట్లో కోడిపెట్ట గుర్తొచ్చింది.

ఏ కోడిపెట్టంటే... చెప్తా. గద్ద పిల్లల్ని ఎత్తుకుపోయాక ఆ పెట్ట ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. చెయ్యి పెడితే పొడిచేది. సువార్తమ్మ దాని మొహంకేసి చూడకుండా గింజలు చల్లి, అటు తిరిగి కూర్చునేది. కాసేపటికి అదే వచ్చి తినేది. పిల్లలు పోయిన తల్లి అలాగే ఉంటుందే, దాని మీద కోపం పెట్టుకోకూడదు అనేది. యేసయ్య కూడా తనని పిల్లల్ని రెక్కలకింద చేర్చుకునే కోడితో పోల్చుకున్నాడు కదా అనేది. చూడండి, అంత మంచిమాట తనే చెప్పింది, కోడి దగ్గర గుర్తొచ్చింది గానీ కాలవ అవతల మనిషి దగ్గర సువార్తమ్మకి గుర్తురాలేదు. మనుషులం అంతేలే.

తబిత ఆకు కింద పెట్టింది. అటు తిరిగి కూర్చుంది. వెనక్కి చూడలేదు. చాలాసేపటికి ఆకు గలగలమంది. అయినా చూడలేదు. లేచి వచ్చేసింది.

మర్నాడు పెట్టింది, తిరిగి కూర్చుంది, చూడలేదు. ఆ మర్నాడూ పెట్టింది, తిరిగి కూర్చుంది, చూడలేదు. ఇంట్లోనేమో అన్నం తగ్గుతోంది. సువార్తమ్మ పిల్లిని తిట్టింది. తర్వాత దణ్ణెం మీద ఆరేసిన వంకాయరంగు చీర మాయమైంది. దానికీ పిల్లినే తిట్టబోయి ఆగిపోయింది. పిల్లి చీరేం కట్టుకుంటుంది?

జోయేలూ, నవ్వుతున్నావా? నవ్వు నవ్వు. ఊ కూడా కొట్టు.

ఒకరోజు తబిత అటు తిరిగి కూర్చునుంటే, వెనకనుంచి ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. వంకాయరంగు చీర. జుట్టు అట్టలు కట్టి ఉంది, బారెడూ కాదు మూరెడూ కాదు, అందరి జుట్టులాంటిదే. చెంపలు లోపలికి పోయిన ఒక బక్కప్రాణి. తబిత గొంతు తగ్గించి అడిగింది.

"నీ పేరేంటమ్మా?"

ఆవిడ పెదాలు కదిలాయి. మాట రాలేదు. నూతిలో పడిపోయిన చేదని వెతుకుతున్నట్టు, లోపలెక్కడో వెతుక్కుంది. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేక ఎన్నాళ్ళైందో మరి.

"నూక... నూకరత్నం," అంది. అని, తన పేరు తనే విని, భోరున ఏడ్చింది.

తబిత ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపుల మధ్య ముక్కలు ముక్కలుగా సంగతి తెలిసింది. ఎక్కడో ఎగువన పుల్లేటిలంక వాళ్ళూరు. గాలివానకి రాత్రికి రాత్రి ఏరు పొంగింది. మొగుడు కొట్టుకుపోయాడు. చంకలో ఉన్న కూతురు సత్తెమ్మ చెయ్యి జారిపోయింది. పిల్ల నీళ్ళతోపాటే కిందకెళ్ళి ఉంటుందని, గట్టుపట్టుకుని దిగువకి నడుస్తూ నడుస్తూ ఇక్కడ ఆగింది. ఆగినచోటునుంచి రోజూ సందెవేళ పిల్లని అన్నానికి పిలుస్తోంది. పిల్ల పలకలేదు. ఊళ్ళో తలుపులు మాత్రం మూసుకున్నాయి.

మన గుడికొచ్చే మనిషి కాదు. అయితే ఏంటి? ఆకలి ఏ గుడిదే తల్లీ, దుఃఖం ఏ గుడిది?

కృపానందం రాగానే తబిత అంతా చెప్పింది. కృపానందం తల్లిలా కాదు, భయం తక్కువ. కొబ్బరికాయలు ఒడ్డునే దింపేసి, ఖాళీ పడవతో ఎగువకి బయల్దేరాడు. ఈ రేవులో అడిగితే ఆ రేవన్నారు, ఆ రేవులో అడిగితే పై రేవన్నారు, పై రేవులో అడిగితే ఆ లంక ఏట్లో కలిసిపోయింది, మిగిలినవాళ్ళు ఎటుపోయారో అన్నారు. అయినా తెడ్డు ఆపలేదు.

అతను అటు వెళ్ళాడో లేదో, ఇక్కడ ఊళ్ళో ఒక పిల్లాడికి జ్వరం తగిలింది. దెయ్యం పనే అన్నారు. ఊరిపెద్ద వీర్రాజు, ఈ సాయంత్రం ఆ పాక తగలబెట్టేద్దాం, పీడ వదులుతుంది అన్నాడు. ఎండు తాటాకులు కట్టలు కట్టారు. పొద్దు వాలుతుండగా ఊరంతా బయల్దేరింది. ముందు వీర్రాజు, పక్కన సువార్తమ్మ. చేతిలో మండుతున్న కాగడా, నోట్లో పాట. భయమేసినప్పుడు ఆవిడ ఇంకా గట్టిగా పాడుతుంది.

కోడలు ఇంట్లో లేదని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

పాక దగ్గరకొచ్చారు. వీర్రాజు కాగడా ఎత్తాడు. అప్పుడు పాకలోంచి తబిత బయటికొచ్చింది! చేతిలో దువ్వెన. ఇంకో చేత్తో నూకరత్నం చెయ్యి పట్టుకుని. సగం జుట్టు చిక్కుతీసి ఉంది, సగం లేదు. కోడలికి కూడా పట్టేసింది, లాగండి లాగండి అని వెనకనుంచి కేకలు.

అయినా తబిత కదల్లేదు. ఇంకెవరికేసీ చూడలేదు, అత్తగారికేసే చూసింది.

"అత్తమ్మా, నా మాట నమ్మొద్దు. మీరే అడగండి. పేరడగండి."

సువార్తమ్మ పాట ఆగిపోయింది. ఎదురుగా తన వంకాయరంగు చీర. ఆ చీరలో ఎముకల గూడు. ఆ కళ్ళు చూసింది. గద్ద ఎత్తుకుపోయాక గంప చుట్టూ తిరిగిన కోడిపెట్ట కళ్ళు.

"నీ... నీ పేరేంటే అమ్మా?" అంది. ఊరంతా వినపడే ఆ గొంతు, పక్కవాళ్ళకి కూడా వినపడలేదు.

"నూకరత్నమండీ."

"ఎవర్ని పిలుస్తావు రోజూ?"

"నా కూతుర్నండీ. పొద్దుపోయింది కదండీ. అన్నం తినలేదు."

సువార్తమ్మ కాగడా పక్కకి దించింది. తర్వాత, "నువ్వు తిన్నావా?" అంది.

అంతే. అన్నం తిన్నావా అని అడిగాక ఇంకెక్కడి దెయ్యం? సువార్తమ్మ గిరుక్కున తిరిగి, కాగడా కాలవలోకి విసిరేసింది. చుయ్యిమంది. ఎవరైనా ముందుకొస్తే ముందు నన్ను దాటాలి అంది. ఈసారి గొంతు ఊరంతా వినపడింది. ఒక్కొక్క కాగడా కాలవలో పడింది. చుయ్, చుయ్, చుయ్. వీర్రాజుది ఆఖరున పడింది. ఎవడో వెనకనుంచి, మరి దూడ సంగతి? అన్నాడు. ఇంకొకాయన వాడి నెత్తిన ఒక్కటిచ్చాడు.

నూకరత్నాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. సువార్తమ్మే కుంకుడుకాయలు కొట్టి తలంటింది. జ్వరం పిల్లాడికి కషాయమిస్తే జ్వరం తగ్గింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, ఒకరు గిన్నెలో కూర, ఒకరు జాకెట్టుగుడ్డ. మొహాలు ఎత్తలేకపోయారు పాపం. నూకరత్నం అందరికీ దణ్ణం పెట్టింది.

కృపానందం వచ్చింది ఎప్పుడో చాలా రోజులకి. పడవలో ఇంకొకాయన ఉన్నాడు, నూకరత్నం అన్న, సూరన్న. చెల్లెలు పోయిందనుకుని ఏట్లో పూలు వదిలేసిన మనిషి. రేవులో చెల్లెల్ని చూసి గట్టుమీదే కూలబడ్డాడు. ఆయన వెనక, పడవ అంచు పట్టుకుని, ఒక చిన్నపిల్ల.

కెజియా, ఎందుకే ఏడుస్తావు? వింటున్నావుగా, వచ్చేసింది.

చెయ్యి జారిన రాత్రే ఆ పిల్లని, దిగువన ఎవరో, కొట్టుకొస్తున్న తాటిదూలం మీదనుంచి తీశారట. మేనమామ వెతికి వెతికి తెచ్చుకున్నాడు. పిల్ల కాస్త పెద్దదైంది. తల్లి మొహం గుర్తులేదు. తల్లికేమో, ఇన్నాళ్ళు పిలిచి పిలిచి, ఇప్పుడు ఎదురుగా ఉంటే గొంతు రాలేదు. ఇద్దరూ కొత్తవాళ్ళలా అలా నిలబడ్డారు. ఊరు ఊరంతా గట్టుమీదకి చేరింది.

అప్పుడు ఆ పిల్ల మేనమామ పంచె పట్టి లాగి మెల్లగా అంది.

"మావయ్యా, ఆకలేస్తోంది."

నూకరత్నం ఒక్క పరుగున ఇంటికెళ్ళింది. పళ్ళెంలో అన్నం, పప్పు, ఇంత నెయ్యి కలుపుకుని వచ్చి గట్టుమీద కూర్చుంది. ముద్ద చేసింది. ఊదింది. పిల్ల వచ్చి నోరు తెరిచింది. ముద్ద తర్వాత ముద్ద, ముద్ద తర్వాత ముద్ద, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా పెట్టింది. ఆఖరి ముద్ద తినేసి పిల్ల తల్లి ఒళ్ళోనే తల పెట్టుకుని నిద్రపోయింది.

అదర్రా సంగతి. వాక్యం ఆదివారం గుళ్ళో వింటాం. అది సోమవారం మన గుమ్మం ముందుకే వచ్చి నిలబడుతుంది, చింపిరిజుట్టుతో, చిరిగిన చీరతో. ఎవర్నైనా పిచ్చిదనీ, దెయ్యమనీ అనేముందు నీ పేరేంటని అడగండి. తిన్నావా అని అడగండి. మిగతాది దేవుడు చూసుకుంటాడు.

జోయేలు ఊ కొట్టడం ఎప్పుడో మానేశాడు. నువ్వూ కళ్ళు మూసుకో తల్లీ. కథ కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లో దూరిపోదాం.