ఏటి పైన జనుము నానేసిన దుబాసీ

“ఏటి ఒడ్డు జనాన్ని అడగకుండా ఏ పరదేశితోనూ ఒప్పందం చేసుకోను. ఓడలు తెచ్చే లాభంలో మొదటి ముద్ద వాళ్లదే. ఇది నా మాట.”

పట్టాభిషేకం నాడు కోట బురుజు మీద నిలబడి శరభాంకరాజు చెప్పిన మాట ఇది. ఏరు సముద్రంలో కలిసే చోట పాలమొగ అని ఒక రేవు ఉండేది. ఆ రేవునూ, చుట్టుపక్కల సీమనూ ఆయన ఏలేవాడు. కింద నిలబడి విన్నవాళ్లు పాపం నమ్మారు. బురుజు మీంచి చెప్పిన మాట చాలా దూరం వినపడుతుంది. చెప్పినవాడు మెట్లు దిగేలోగా అది ఏమైపోతుందో మాత్రం ఎవరికీ అంతుపట్టదు.

మరుసటి ఏడే పడమటి దీవుల నుంచి వర్తకులు ఓడల్లో వచ్చారు. వాళ్ల పెద్ద కస్పారు దొర. ఏటి ఒడ్డున నీలిమందు తొట్లు కట్టుకుంటామన్నాడు. ఆ ఒప్పందం తలుపులు మూసుకుని రాసుకున్నారు. లోపల కూర్చున్నది రాజు, మంత్రి సోమయామాత్యుడు, కస్పారు దొర, ఒకరి మాట ఒకరికి తెలియజెప్పడానికి దుబాసీ బొల్లన. అంతే. ఏటి ఒడ్డు మనిషి ఒక్కడు లేడు.

ముద్రలు పడిన మర్నాడు మంత్రి ఊరంతా దండోరా వేయించాడు. “ఒప్పందం నిన్న కుదిరింది. అభిప్రాయాలు ఉన్నవాళ్లు ఇవాళ చెప్పుకోవచ్చు.” దీనికి ఆయన పెట్టుకున్న పేరు ప్రజలతో సంప్రదింపు.

ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. పరదేశి వర్తకుడు రాజ్యంలో సొమ్ము పెట్టి ఏ పని మొదలుపెట్టినా రాజు దాన్ని ఆపకూడదు. ఆపితే, ముందు ముందు ఆ వర్తకుడికి రాబోయే లాభమంతా బొక్కసంలోంచి ఇవ్వాలి. ఇది చదివి వినిపిస్తూ బొల్లన ఆగాడు.

“ప్రభూ, ఇంకా రాని లాభం కూడా ఇవ్వాలంటున్నారు.”

“నువ్వు దుబాసీవి. చదువు,” అన్నాడు రాజు.

రాజు పట్టుబట్టింది ఒక్కచోటే. పాలమొగలో ఒక పాత ఆనవాయితీ ఉంది. ఇసుకమేట దాటి సముద్రం మీంచి వచ్చిన ప్రతి పడవకూ రేవు అధికారి ఎదురువెళ్లి, దిగినవాడి చేతికి గంధం పూసి తాంబూలం ఇస్తాడు. ఈ మర్యాద ఇంకే రేవులోనూ లేదని రాజుకు మహా గర్వం. “మా గంధం ఒప్పందంలోకి ఎక్కాలి,” అన్నాడు. ఎక్కింది. ‘పాలమొగ రేవులో గంధ తాంబూలాలు అందుకున్నవాడే పరదేశి వర్తకుడు’ అని రాశారు. నీళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. గంధం గురించి మాత్రం రాశారు.

నీలిమందు తొట్ల కింద, ఏటి వాలున, అద్దకపు పేట ఉంది. అక్కడివాళ్లు బట్ట మీద పూలూ లతలూ అద్ది, ఏటిలో ఉతుకుతారు. పారే మంచినీళ్లలో ఉతికితేనే ఎరుపు తేలుతుంది. తొట్లలో కుళ్లిన ఆకు నీళ్లన్నీ ఏటిలోకి వదలడం మొదలయ్యాక, ఎరుపు వేసిన బట్ట బూడిదరంగుకు తిరిగింది. కొనేవాళ్లు రావడం మానేశారు. చేపలు తేలాయి. పేట పెద్ద మాచమ్మ ఒక పాడైన బట్ట చంకన పెట్టుకుని సభకు వచ్చింది.

“మహారాజా, పైనున్నవాడు నీళ్లు పాడుచేసే ముందు కిందున్నవాడిని ఒక మాట అడగొద్దా? ఏరు అతను కొనుక్కున్నాడా? మా నీళ్ల సంగతి మాట్లాడే చోట మేము ఉండొద్దా?”

“అభివృద్ధి అన్నాక కాస్త వాసన ఉంటుందమ్మా,” అన్నాడు సోమయామాత్యుడు. ఆమె చంకలోని బట్ట వాసన తగలకుండా ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకునే అన్నాడు.

“నేను ఆపలేను,” అన్నాడు రాజు. “నా చేతులు ఒప్పందం కట్టేసింది.”

“ఆ ఒప్పందం మీద ముద్ర వేసిన చేతులు ఎవరివి మహారాజా?”

రాజు పక్కకు తిరిగి వింజామర వీచేవాణ్ణి గట్టిగా వీచమన్నాడు.

సభ బయట బొల్లన ఆమెను కలుసుకున్నాడు. వయసులో చిన్నవాడు. 

“నాయనా, ఆ రోజు లోపల కూర్చున్నవాడివి నువ్వే కదా,” అంది మాచమ్మ.

“నేనే.”

“కూర్చుని ఏం చేశావు?”

“చదివాను.”

“బాగా చదివావు. ఈ ఫాల్గుణ పున్నమికీ ఎరుపు తేలకపోతే పేటంతా కుండలు నెత్తిన పెట్టుకుని పోవడమే. ఎక్కడికి పోతామో అది కూడా చదివి చెప్పు.”

బొల్లన ఏటి ఎగువకు చూశాడు. తర్వాత అడిగాడు. “అమ్మా, కస్పారు దొర విడిది ఎక్కడ?”

“తొట్లకు పైన. రాజుగారి స్నానాల రేవు పక్కన. కుళ్లు వాసన తగలని చోటే కట్టుకుంటారుగా పెద్దవాళ్లు.”

“దానికి ఇంకా పైన ఏముంది?”

“బీడు. ఎందుకూ?”

“జనుము నానేయడానికి బాగుంటుంది.”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. జనుము నార తీయాలంటే ఆ కట్టలను నీళ్లలో వేసి కుళ్లబెట్టాలి. ఆ కంపు భరించాలంటే పుట్టుకతో ముక్కు లేకుండా ఉండాలి.

“మురికి మీద మురికి పోస్తావా నాయనా? మా మీదికేగా వచ్చేది.”

“మీ నీళ్లు ఎలాగూ చచ్చాయి. కొన్నాళ్లు ఓర్చుకోండి. ఈసారి కంపు ముందు పైవాళ్ల ముక్కుకు తగులుతుంది.”

“పేటను అడగాలి,” అంది మాచమ్మ. “నువ్వు కూడా అడక్కుండా చేస్తే నీకూ రాజుగారికీ తేడా ఏముంది?”

బొల్లన సిగ్గుపడ్డాడు. ఆమె వెంట పేటకు వెళ్లి, అందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. వాళ్లు తిట్టారు, వాదించారు, చివరికి సరే అన్నారు.

ఆ మర్నాడు బొల్లన బెస్తవాళ్ల పడవ ఎక్కి ఇసుకమేట దాటి సముద్రంలోకి వెళ్లాడు. కెరటాలకు కడుపులో ఉన్నదంతా కక్కుకుని, పోటు నీటితో తిరిగి రేవుకు వచ్చాడు. పడవ కనపడగానే శంఖం ఊదారు. రేవు అధికారి గంధం గిన్నెతో ఎదురొచ్చి, మొహం కూడా చూడకుండా చేతికి పూశాడు. తాంబూలం ఇస్తూ తలెత్తాడు.

“నువ్వా బొల్లనా? పొద్దున్నే కదా వెళ్లావు.”

“వెళ్లాను. వచ్చాను. ఆనవాయితీ జరిగిందా లేదా?”

“జరిగింది,” అన్నాడు అధికారి అయోమయంగా.

అదే రోజు బొల్లన తన నగలు అమ్మి జనుము కట్టలు బండ్ల మీద తెప్పించాడు. రాజుగారి స్నానాల రేవుకూ, దొర విడిదికీ పైన, ఏటి మలుపులో వాటిని నానేశాడు. ఓడలకు తాళ్లు పేనిస్తానని అందరికీ చెప్పాడు.

నీళ్లు నల్లబడ్డాయి. కంపు లేచింది. రాజుగారు మెడలోతు నీళ్లలో దిగి సంకల్పం చెప్పుకుంటూ ఒక బుడగ పగలగానే మంత్రం మరిచి గట్టెక్కారు. కస్పారు దొర కిటికీలకు తివాచీలు కొట్టించాడు. వంటవాడు పారిపోయాడు. మంత్రిగారు ఒక ఉత్తరీయం ఇక చాలక ముక్కుకు రెండు కట్టుకున్నారు.

సభ తీరింది. రాజు ముక్కు మూసుకునే మాట్లాడాడు.

“బొల్లనా, ఆ చెత్త ఈ క్షణమే తీయించు.”

“ఆజ్ఞ ప్రభూ. బొక్కసం తాళాలు తెప్పించండి.”

“ఎందుకు?”

“తాళ్లు పేనిస్తే నాకు, నా పిల్లలకు, వాళ్ల పిల్లలకు రాబోయే లాభం తమరు ఇప్పించాలి. పరదేశి వర్తకుడి పని ఆపితే అదే కదా షరతు.”

“నువ్వు పరదేశివేమిటి? నీ తాత మా తాతకు దుబాసీ.”

“నిజమే. కానీ ఒప్పందంలో తాతల ప్రసక్తి లేదు. గంధం ప్రసక్తే ఉంది. రేవు అధికారిని అడగండి.”

రేవు అధికారి నేల చూపులు చూస్తూ, పూశానన్నాడు. రాజు మంత్రివైపు తిరిగాడు. మంత్రి రెండు ఉత్తరీయాల వెనక నుంచి ఏదో అన్నాడు. ఎవరికీ వినపడలేదు.

ఇంతలో కస్పారు దొర లేచాడు. ఎర్రబడిన మొహంతో తన భాషలో ధారాళంగా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆ సభలో ఆ భాష వచ్చినవాడు బొల్లన ఒక్కడే.

“ఏమంటాడు?” అన్నాడు రాజు.

“నన్నే తిడుతున్నారు ప్రభూ. అయినా నా పని నేను చేయాలి కదా. దొరగారు అంటున్నారు: పైనున్నవాడు నీళ్లు పాడుచేసే ముందు కిందున్నవాడిని అడగాలట. ఏరు నేను కొనుక్కున్నానా అని అడుగుతున్నారు. తన నీళ్ల సంగతి తేల్చే చోట తనను ఎందుకు కూర్చోబెట్టలేదని అడుగుతున్నారు.”

సభ వెనకాల నిలబడ్డ మాచమ్మ గట్టిగానే అంది. “ఈ మాటలు నేను చెప్పినప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. దుబాసీ కావలసింది నాకన్నమాట.”

“నువ్వు కల్పించి చెప్పడం లేదు కదా?” అన్నాడు రాజు అనుమానంగా.

పాలమొగలో ఇన్నాళ్లున్న దొరకు కొద్దిగా తెలుగు పట్టుబడింది. “సరిగ్గానే చెప్పాడు,” అన్నాడు ఆయనే, కోపంగా.

బొల్లన ఆయనవైపు తిరిగాడు. “దొరా, ఇప్పుడు రెండే దారులు. ఆ షరతు నిలబడితే నా జనుము నీళ్లలో ఉంటుంది, మీరు కిటికీలు మూసుకునే ఉంటారు. షరతు చెల్లదంటే నా జనుము పోతుంది. దానితోపాటు మీ తొట్లకున్న అండా పోతుంది. రాజుగారిని ఏం చేయమని అడగమంటారు? మీ మాట మార్చకుండా చెబుతాను.”

కస్పారు దొర నోరు తెరిచాడు. కంపు లోపలికి పోయినట్టుంది, వెంటనే మూసేశాడు. కూర్చున్నాడు.

రాజు ఒకసారి దొరను, ఒకసారి మంత్రిని, ఒకసారి గంధం గిన్నె పట్టుకుని నిలబడ్డ రేవు అధికారిని చూశాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. చివరికి ముక్కు వదిలేసి, సింహాసనం చేయి పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

“నా గంధంతో నాకే పూశావురా బొల్లనా.” మెడలోని ముత్యాల హారం తీసి అతని మీదికి విసిరాడు. “తీసుకో. ఇంత చక్కగా నన్నెవరూ వెర్రివాణ్ణి చేయలేదు. ఇక ఆ కట్టలు తీయించు. మిగతావి తీరిగ్గా చూద్దాం.”

సభంతా నవ్వింది. బొల్లన నవ్వలేదు.

“హారం బాగుంది ప్రభూ. జనుముకు నగలన్నీ పోయాయి కాబట్టి వద్దనను. కానీ తీరిగ్గా అంటే ఎప్పుడు? పేటవాళ్లు కుండలు సర్దుకుంటున్నారు. నీలి నీళ్లు ఏటిలోకి కాక, నేలలో ఇంకేలా దొర గోతులు తవ్వించాలి. రాని లాభం షరతు కొట్టేయాలి. ఇకమీదట ఏ ఒప్పందం రాసినా, ఆ నీళ్లు తాగేవాళ్లు, ఆ నీళ్లలో ఉతికేవాళ్లు, అందులో వల వేసేవాళ్లు లోపల కూర్చోవాలి. రాయడం అయ్యాక వేసే దండోరా మాకు అక్కర్లేదు.”

“చూద్దామన్నాను కదా,” అన్నాడు రాజు, నవ్వు ఇంకా పూర్తిగా ఆగక.

“చూడండి ప్రభూ. అవునో కాదో సభలో, అందరి ముందు చెప్పండి. అంతవరకు నా కట్టలు నీళ్లలోనే ఉంటాయి. మీ స్నానాలూ, దొర కిటికీలూ ఆలోచించుకోండి.” బొల్లన హారం మాచమ్మ చేతికిచ్చి, రాజుకు వంగి నమస్కరించాడు. “జవాబు ఈ ఫాల్గుణ పున్నమి నాడు, పొద్దు గుంకేలోగా కావాలి.”